గేరు బాక్సు మూలుగు: మార్చాలా, బాగుచేయించాలా?

పెదబయలు నుంచి పాడేరు మీదుగా మైదానానికి దిగేవారికి ఘాట్ రోడ్డు సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. పాడేరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి మాడుగుల వైపు దిగే దారిలో ఒక పక్క కొండ, మరో పక్క లోయ. చలికాలపు పొగమంచులో ఎదుటి బండి దీపాలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. ఇలాంటి దారిలో బండి నడిపేవాడికి కళ్లెంత ముఖ్యమో చెవులు కూడా అంతే ముఖ్యం. బండి తన బాధను ముందుగా చెప్పుకునేది శబ్దంతోనే. ఆ మాట మేము చాలా కాలం పెడచెవిన పెట్టాం. దాని ఫలితమే ఈ వ్యాసం.

మా మామగారు ఈ కొండల్లో సంతలు తిరిగి వ్యాపారం చేసిన మనిషి. పసుపు, పిప్పళ్లు, చింతపండు కొనేవారు, బట్టలు అమ్మేవారు. ఆయన 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 కారు ఒకటి కొన్నారు. ఆయన గతించిన తర్వాత అది మా బావమరిది ఇంట ఉంది. కొన్నేళ్లుగా ఆ కారు గేరు బాక్సు మూలుగుతూ ఉండేది. రెండో గేరులో, మూడో గేరులో 'జూ' అని గోల. 'పాత బండి కదా, ఆ మాత్రం అరవదా?' అని అందరం సరిపెట్టుకున్నాం.

మొన్నటి చలికాలంలో ఒక రోజు కుటుంబమంతా విశాఖపట్నం బయలుదేరాం. మా బావమరిది నడుపుతున్నాడు. వెనుక సీట్లో ఆడవాళ్లు, ఒళ్లో చంటిబిడ్డ. ఘాట్ దిగుతుండగా ఒక మలుపుకు ముందు రెండో గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చింది. అంతదాకా ఇంజను బండిని పట్టి ఉంచింది. ఒక్కసారిగా ఆ పట్టు పోయింది. బండి ఉరికింది. మా బావమరిది బ్రేకు తొక్కి, తొక్కి, కొండ వైపు కాలువలోకి చక్రం దించి ఆపాడు. బ్రేకుల నుంచి మాడు వాసన వచ్చింది. అల్లాహ్ దయ వల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. అయితే ఆ రోజు రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

ఇంట్లో మూడు అభిప్రాయాలు

మరునాడు ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా మేనల్లుడు చదువుకున్న కుర్రవాడు. "ఫూఫా, ఈ నాలుగు గేర్ల బాక్సు పీకేసి ఇసుజు అయిదు గేర్ల బాక్సు పెట్టిద్దాం. స్టీరింగ్ కింద ఉండే గేరు రాడ్డు కూడా పోతుంది, కొత్త కార్లలాగా కింద వస్తుంది" అన్నాడు.

బండ్ల బేరాలు కుదిర్చే ఒక పెద్దమనిషి మరో సలహా ఇచ్చాడు. గేరు ఆయిల్‌లో కాస్త రంపపు పొట్టు కలిపితే శబ్దం అణిగిపోతుందట. ఆ నాలుగు రోజుల్లో మంచి ధరకు అమ్మేయమన్నాడు.

మా ఇంట్లోవారు మాత్రం, "అబ్బాజాన్ కారు. అమ్మడమూ వద్దు, రూపం మార్చడమూ వద్దు. బాగవుతుందేమో ముందు చూపించండి" అన్నారు.

రంపపు పొట్టు సంగతి నేను అక్కడే తోసిపుచ్చాను. పొట్టు ఆయిల్‌ను ముద్దగా చేసి, అరిగిన పళ్ల మధ్య మెత్తలాగా నిలుస్తుంది. కొద్ది రోజులు శబ్దం వినపడదు. తర్వాత అదే పొట్టు ఆయిల్ పోవలసిన దారులను మూసివేసి, ఉన్న బేరింగులను కూడా తినేస్తుంది. కొన్నవాడు తన పిల్లలతో ఇదే ఘాట్ దిగుతాడు. మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగలగానే ప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన మనలో చాలా మందికి తెలిసిందే. పైన పొడి, అడుగున తడి. గేరు బాక్సులో పొట్టు కూడా అంతే. లోపం చెప్పి తక్కువ ధరకు అమ్మడం వ్యాపారం. లోపం దాచి అమ్మడం మోసం.

ఇక మిగిలినవి రెండు దారులు. మార్చడమా, బాగుచేయించడమా? ఇది తేలాలంటే అసలు ఆ పెట్టెలో ఏముందో తెలియాలి.

పెట్టె లోపలి కథ

గేరు అంటే బలానికీ వేగానికీ మధ్య జరిగే బేరం. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. కొండ ఎక్కేటప్పుడు బలం కావాలి కాబట్టి మొదటి, రెండో గేర్లు. మైదానంలో వేగం కావాలి కాబట్టి మూడు, నాలుగు. ఈ పళ్ల చక్రాల విద్య మోటారు కార్లతో పుట్టింది కాదు. దియార్‌బకర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న ఇస్మాయీల్ అల్ జజరీ 1206లో తన యంత్రాల గ్రంథాన్ని ముగించారు. నీరు పైకి తోడే యంత్రాలలో పళ్ల చక్రాలు ఎలా అమర్చాలో అందులో బొమ్మలతో సహా వివరించారు.

మన అంబాసిడర్ ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకు భారతీయ రూపం. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ దీనిని 1950ల చివర మొదలుపెట్టి, పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే దాకా తయారు చేసింది. మార్క్ 2లో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను, దానికి నాలుగు గేర్ల బాక్సు.

ఆ బాక్సులో పైన రెండు షాఫ్టులు ఒకే వరుసలో ఉంటాయి. ఒకటి ఇంజను నుంచి క్లచ్ ద్వారా బలం తెస్తుంది. రెండోది మెయిన్ షాఫ్టు, అది బలాన్ని వెనుక చక్రాల వైపు పంపుతుంది. వీటి కింద లే షాఫ్టు. ఒకటి, రెండు, మూడు గేర్లలో బలం పై నుంచి కిందికి దిగి, లే షాఫ్టు మీదుగా మళ్లీ పైకి వస్తుంది. నాలుగో గేరులో మాత్రం పై షాఫ్టులు రెండూ నేరుగా కలిసిపోతాయి. లే షాఫ్టు ఊరికే తిరుగుతుందే తప్ప బరువు మోయదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం వైద్యం తెలిసినట్టే.

రెండు, మూడు, నాలుగు గేర్లకు ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. గేరు పడేముందు రెండు చక్రాల వేగాన్ని ఇవి సమానం చేస్తాయి. సింక్రో పద్ధతి 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో వచ్చింది. మన పాత అంబాసిడర్‌లో మొదటి గేరుకు మాత్రం సింక్రో లేదు. దాని పళ్లు నిటారుగా కోసినవి. నిటారు పళ్లు ఒక్కసారిగా ఢీకొంటాయి కాబట్టి అరుస్తాయి. వాలుగా కోసిన పళ్లు మెల్లగా ఒకదానిపైకొకటి జారుతాయి కాబట్టి నిశ్శబ్దంగా నడుస్తాయి. అంటే మొదటి గేరు, రివర్సు గేరు కొద్దిగా అరవడం జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన గొంతు.

నాడి చూసిన ఉస్తాద్

'నీమ్ హకీం ఖత్రే జాన్' అని ఉర్దూలో సామెత. అరకొర వైద్యుడి వల్ల ప్రాణానికే ముప్పు. అందుకని పాడేరులో పాత బండ్లు బాగుచేసే ఒక వృద్ధ ఉస్తాద్ దగ్గరికి కారును నెమ్మదిగా తీసుకుపోయాం. ఆయన పానా ముట్టుకోలేదు. ముందు చెవి పెట్టారు. ఆయన చేసిన పరీక్షలు ఎవరైనా చేసుకోదగినవే గనుక వరుసగా రాస్తున్నాను.

మొదటిది: బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను నడపాలి. క్లచ్ మీద కాలు లేనప్పుడు శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే దోషం బాక్సు లోపల ఉంది. ముందు షాఫ్టు బేరింగు గానీ, లే షాఫ్టు గానీ అరిగి ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా క్లచ్ తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు. బాక్సుతో పని లేదు.

రెండోది: బండి నడిపి చూడాలి. కింది గేర్లలో గోల ఉండి నాలుగో గేరులో తగ్గిపోతే బరువు మోసే లే షాఫ్టును అనుమానించాలి. నాలుగు గేర్లలోనూ ఒకే తీరున ఉంటే మెయిన్ షాఫ్టు వెనుక బేరింగును చూడాలి.

మూడోది: ఖాళీ చదును రోడ్డు మీద కొద్దిపాటి వేగంతో న్యూట్రల్ చేసి బండిని దొర్లనివ్వాలి. అప్పుడూ గోల తగ్గకపోతే అది గేరు బాక్సు కాకపోవచ్చు. వెనుక క్రౌన్, చక్రాల బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు చూడాలి. క్రౌన్ శబ్దానికి గేరు బాక్సు దించి డబ్బు పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు. ఈ పరీక్ష ఘాట్ మీద మాత్రం ఎన్నడూ చేయరాదు.

జీపులున్న సోదరులకు ఇక్కడ ఒక మాట. పెదబయలు, ముంచింగిపుట్టు దారిలో ఎన్నో ఏళ్లు జనాన్ని మోసిన పాత విల్లీస్ తరహా జీపుల్లో గేరు బాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. అందులో మామూలు రోడ్డు మీద కూడా బలం పళ్ల చక్రాల మీదుగానే పోతుంది. కాబట్టి కొంత ఊళ తప్పదు. గేరు బాక్సును నిందించేముందు దాని ఆయిల్, బేరింగులు చూపించాలి.

మా కారుకు మొదటి రెండు పరీక్షల్లో జవాబు తేలిపోయింది. క్లచ్ తొక్కితే శబ్దం ఆగింది. నాలుగో గేరులో తగ్గింది. "లే షాఫ్టు పోయింది మాస్టారు సాబ్. గేరు ఊడటం మాత్రం వేరే జబ్బు. రెండూ కలిసి ముదిరాయి. శబ్దం వచ్చిన రోజే తెచ్చి ఉంటే చిన్న పనితో పోయేది" అన్నారు ఉస్తాద్.

మార్పిడి అంటే ఎంత పని?

మేనల్లుడు తన మాట వదల్లేదు. ఉస్తాద్ కోప్పడలేదు. ఓపికగా చెప్పారు.

ఇసుజు 1817 సీసీ ఇంజను, అయిదు గేర్ల బాక్సుతో అంబాసిడర్ 1990ల మొదట్లోనే కంపెనీ నుంచే వచ్చింది. అది మంచి బండి, అందులో సందేహం లేదు. అయితే ఆ బాక్సును ఈ పాత ఇంజనుకు తగిలించాలంటే ముందుగా హౌసింగ్ బోల్టులు కలవవు. నడుమ ప్లేటు కోయించాలి. షాఫ్టు గాళ్లకు సరిపడే క్లచ్ ప్లేటు వెతకాలి. షాఫ్టు కొన ఇంజను క్రాంకులో కూర్చునే బుష్ కొత్తగా తిప్పించాలి. బాక్సు పొడవు వేరు కాబట్టి దాని కింది మౌంటింగ్ జరపాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కోసి బాలెన్స్ చేయించాలి. స్పీడోమీటరు తీగ మార్చాలి. రాడ్డు కోసం నేల కోయాలి. దాంతో ముందు సీట్లో ముగ్గురు కూర్చునే వీలు పోతుంది. వీటిలో ఏ ఒక్క కొలత వెంట్రుక వాసి తప్పినా, ఇంజనూ బాక్సూ ఒకే గీతలో నిలవవు. కొత్త బేరింగు కూడా కొద్ది కాలానికే అరవడం మొదలుపెడుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

"అందుకే చాలామంది ఇంజనూ బాక్సూ కలిపి మార్చేస్తారు" అన్నారాయన.

"అయిదో గేరు లాభమే కదా ఉస్తాద్?" అని అడిగాడు మా వాడు.

"హైవే మీద లాభమే బేటా. అయిదో గేరులో ఇంజను తక్కువ తిరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది. పెదబయలు నుంచి మాడుగుల దాకా నువ్వు అయిదో గేరు ఎక్కడ వేస్తావు? ఈ కొండకు కావలసింది ఊడిపోని రెండో గేరు."

ఆ మాటతో కుర్రవాడు నవ్వేశాడు.

చట్టం ఏమంటుంది?

ఇంజను కూడా మార్చాలనుకునేవారు మరో సంగతి తెలుసుకోవాలి. బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. ఈ విషయాన్ని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా స్పష్టం చేసింది. ఇంజను మార్పిడికి రవాణా శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. తర్వాత చూసుకుందాం అనుకుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న అదే కావచ్చు.

మరొకటి. 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే నిబంధనలు 2021 జూలైలో వచ్చాయి. చాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ అర్హత. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు గానీ, కిరాయికి గానీ వాడరాదు. మా 1972 కారుకు వయసు అర్హత వచ్చింది. మేము ఇంకా అటు పోలేదు గాని, రేపు పిల్లలు కోరుకుంటే ఆ తలుపు తెరిచి ఉండాలి కదా! ఇంజను మార్చిన రోజున ఆ తలుపు మూసుకుపోతుంది.

బాక్సు దించిన రోజు

చివరికి బాగుచేయించాలనే నిర్ణయమైంది. ఉస్తాద్, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఒక గిరిజన యువకుడు కలిసి బాక్సు దించారు. ముందు ఆయిల్‌ను వెడల్పాటి గిన్నెలోకి వదిలారు. ఉస్తాద్ దానిలో వేలు ముంచి మా వాడికి చూపించారు. బూడిద రంగు మెత్తని పొడి కనిపిస్తే అది మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే రేకులు, ముక్కలు కనిపిస్తే ఏదో విరిగినట్టు. మా ఆయిల్‌లో రేకులే ఉన్నాయి.

లే షాఫ్టు బయటికి తీస్తే, సూది బేరింగులు కూర్చునే చోట నున్నగా ఉండవలసిన ఉక్కు మశూచి మచ్చల్లా గుంటలు పడి ఉంది. సూది రోలర్లు కొన్ని నలిగాయి. పక్కన ఒరుసుకునే వాషర్లు పలచబడి, షాఫ్టు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. గేరును దాని స్థానంలో పట్టి ఉంచే గుండు వెనుక స్ప్రింగు చచ్చుబడింది. రెండో గేరు పళ్ల కొసలు గుండ్రంగా అరిగిపోయాయి. గేరు ఊడిపోవడానికి కారణం ఇదే. సింక్రో రింగును గేరు మీద నొక్కి నడుమ సందు చూపించారు. సందు మిగలకపోతే ఆ రింగు పని అయిపోయినట్టే.

లే షాఫ్టు పిన్ను, రోలర్లు, వాషర్లు, ముందు వెనుక బేరింగులు, రెండో గేరు, సింక్రో రింగులు, గుండు, స్ప్రింగు. ఈ జాబితా కాగితం మీద రాయించుకుని గాజువాక ఆటోనగర్‌కూ, కొన్నింటి కోసం విజయవాడ ఆటోనగర్‌కూ తిరిగాం. రోలర్లు మాత్రమే మార్చి పాత పిన్నునే ఉంచితే ఖర్చు తగ్గేది. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "గుంటల మీద కొత్త రోలర్లు వేయడం, గతుకుల రోడ్డు మీద కొత్త టైర్లు నడపడం లాంటిది" అన్నారు.

స్టీరింగ్ కింది రాడ్డు నుంచి బాక్సు దాకా పోయే లింకుల బుష్‌లు కూడా మార్చారు. గేరు సగమే పడటానికి ఈ అరిగిన బుష్‌లు కూడా కారణమవుతాయి. ఇది చవకైన పని. బాక్సు దించక ముందే చేయించి చూడదగినది. ఆయిల్ విషయంలో కూడా ఒక జాగ్రత్త. కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. వెనుక క్రౌన్‌కు వాడే ఘాటైన ఆయిల్ కొన్నింటిలోని మందులు ఇత్తడి సింక్రో రింగులకు పడవు. 'రెండూ గేరు ఆయిలే కదా' అని ఒకే డబ్బా నుంచి పోయడం మంచిది కాదు.

మార్చిన పాత భాగాలన్నింటినీ ఉస్తాద్ అడగకుండానే ఒక సంచిలో వేసి మా చేతికిచ్చారు. లోపల ఏం మార్చారో కళ్లతో చూడలేని పని ఇది. అందుకే అది అమానత్ లాంటిది. పాత సామాను అడిగి తీసుకోవడం అనుమానించడం కాదు. నిజాయితీగల పనివాడికి అది సంతోషమే.

మళ్లీ అదే ఘాట్

బండి బయటికి వచ్చాక మొదటి గేరులో ఇంకా కొద్దిగా అరుస్తూనే ఉంది. మా వాడు నా వైపు చూశాడు. "అది దాని గొంతు" అన్నాను. ఉస్తాద్ నవ్వారు. తర్వాత ఆయన వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, సింక్రో లేని మొదటి గేరును నడుస్తున్న బండిలో ఎలా వేయాలో నేర్పారు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు రావాలి. క్లచ్ వదిలి యాక్సిలరేటరు కొద్దిగా ఇవ్వాలి. మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇంజను వేగం, చక్రం వేగం కలిసిన క్షణంలో గేరు వెన్నలా పడుతుంది. కలవకపోతే కర్రుమంటుంది. రెండు రోజుల్లో వాడికి చేయి కుదిరింది. అయిదు గేర్ల బాక్సు మాట మళ్లీ ఎత్తలేదు.

కిందటి నెలలో మళ్లీ అదే ఘాట్ దిగాం. ఈసారి నడిపింది వాడే. ఆ మలుపు దగ్గరికి రాగానే వెనుక సీట్లో మాటలు ఆగిపోయాయి. రెండో గేరు నిలిచింది. ఇంజను బండిని పట్టుకుని మెల్లగా దింపింది. మలుపు దాటాక మా ఇంట్లోవారు కొంగుతో కళ్లు ఒత్తుకోవడం అద్దంలో కనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు.

సోదరులారా, సోదరీమణులారా! అందరూ పాత బండిని ఉంచుకోవాలని గానీ, మార్పిడి ఎవరూ చేయించరాదని గానీ నా ఉద్దేశం కాదు. మైదానంలో దూర ప్రయాణాలు చేసేవారు, అనుమతి తీసుకుని, చేయి తిరిగిన పనివాడితో చేయించుకుంటే మార్పిడి వారికి అక్కరకు రావచ్చు. కొండల్లో ఉండే మన కుటుంబాలు మాత్రం మూడు విషయాలు మరువవద్దు. కొత్త శబ్దం వినపడిన వారంలోనే చూపించండి. గేరు ఒక్కసారి ఊడినా, బాగుచేయించేదాకా ఆ బండితో ఘాట్ దిగవద్దు. అమ్మదలిస్తే, ఉన్న లోపం కొనేవాడికి చెప్పి అమ్మండి. అతడు కూడా తన వాళ్లను ఎక్కించుకుని ఈ దారినే పోతాడు.